తీర్పు కుర్చీ, కత్తి మిషను

మా వంశంలో మిగిలిన ఒకే ఒక్క ఆస్తిని నేను పది నిమిషాల్లో, నలభై మంది చూస్తుండగా, చేతులారా పోగొట్టుకున్నాను. వరదలో కొట్టుకుపోయిందేమో అనుకోకండి. మా అనంతపురంలో వరదకు పోవాలంటే ముందు వాన పడాలి. పేకాటా కాదు, తాగుడూ కాదు. వీడియో గేము. నవ్వండి, పరవాలేదు. అప్పట్లో ఊరంతా నవ్వింది. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు, అంతే.

ఆ ఆస్తి ఒక కుర్చీ. టేకుది. వీపు వెనక పులి ముఖం చెక్కి ఉంటుంది, ఆ పులికి ఒక చెవి లేదు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, అందులో కూర్చుని రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో బండలాగుడు పోటీలకు తీర్పు చెప్పేవాడు. ఎద్దుల జతకు రాతిబండ కట్టి లాగిస్తారు, ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. ఆ పోటీలో తీర్పరికి మూడు నియమాలు. ఎద్దును ముట్టకూడదు. పందెం దుడ్డు ముట్టకూడదు. తీర్పు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకూడదు. మా జేజినాయన వీటిని ఎంత నిష్ఠగా పాటించాడంటే, ఒకసారి ఎద్దు తిరగబడి ఆయన మీదికే వచ్చినా లేవలేదు. పులికి చెవి పోయింది అప్పుడే.

కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. మావాళ్ళు తినను కూడా తినలేదు పాపం, ఊరికే కూర్చుని తీర్పులు చెప్పారు. కొండలు అయినా తరిగాయి. మిగిలిన నేలలో మా నాయన నీళ్ళ కోసం బోరు మీద బోరు వేశాడు. ప్రతి బోరూ ఆకాశానికి దుమ్మెత్తి పోసింది. నేల పోయింది, మిద్దె పోయింది, ఆ దిగులుతో మా నాయనా పోయాడు. నేనూ మా అమ్మా అనంతపురంలో ఒక నూనె మిల్లు వెనక రెండు గదుల్లోకి వచ్చి పడ్డాం. మాతో వచ్చినవి ఆ కుర్చీ, నా నిటారు మెడ. రెండూ ఆ గదుల్లో సరిగా పట్టేవి కావు.

తొంభైలు ముగిసిపోతున్న రోజులు. ఊళ్ళో ఒక చిన్న వారపత్రిక ఉండేది. దాని ఎడిటరు గంగాధరం ఒకరోజు నన్ను పిలిచాడు.

"పట్నంలో యాడ జూసినా గేములు గేములంటాండారు రెడ్డీ. నీకు ఇంగ్లీషు వస్తాది గదా. వారం వారం ఏదన్నా రాయి."

"ఏమని రాయాల?"

"బాగుంటే బాగుందని, బాగలేకుంటే బాగలేదని."

"అంటే తీర్పు చెప్పమంటావు."

"అంత పెద్ద మాట యాల లేప్పా, నాలుగు ముక్కలు..."

ఆయన ఆ వాక్యం పూర్తి చేసేలోగా నేను కుర్చీ దుమ్ము దులపడానికి ఇంటికి బయలుదేరాను. శీర్షిక పేరు 'తీర్పు'. పదికి మార్కులు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. వీడికి గేములు ఆడటం వచ్చా అని. రాదు. రావాల్సిన అవసరమూ లేదని నా గట్టి నమ్మకం. క్లాక్ టవర్ దగ్గర, బొరుగుల ఉగ్గాని అమ్మే హోటలు పక్కన, ఖాదర్ అనే ఆయన గేముల కొట్టు నడిపేవాడు. నాలుగు కంప్యూటర్లు, నిలువెత్తు మిషన్లు మూడు. వచ్చేవాళ్ళు కాలేజీ కుర్రాళ్ళు, లారీ డ్రైవర్లు, బజారు పనికొచ్చి బస్సుకు టైముందని దూరినవాళ్ళు. ఖాదర్ దగ్గర ఇత్తడి బిళ్ళలు కొనుక్కుని మిషన్లో వేసి ఆడేవాళ్ళు. నేను వారానికోసారి రిక్షాలో కుర్చీని ఎక్కించుకుని, దాని పక్కన నేను ఒదిగి కూర్చుని, ఆ కొట్టుకు వెళ్ళేవాణ్ణి. (కుర్చీకి సీటు, నాకు అంచు. వంశగౌరవం అంటే అదే.) ఆడేవాళ్ళ వెనక కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని చూసేవాణ్ణి. బటన్లు ముట్టేవాణ్ణి కాదు. బిళ్ళ కొనేవాణ్ణి కాదు. లేచేవాణ్ణి కాదు.

ఖాదర్ మెత్తటి మనిషి. ఒకసారి చెప్పి చూశాడు.

"సాబ్, ఒక్క ఆట ఆడి సూడండి. కూచోని సూస్తే ఏం తెలుస్తాది?"

"ఖాదర్, మా జేజినాయన ముప్పై ఏండ్లు తీర్పు చెప్పినాడు. ఒక్కనాడన్నా కాడి కింద మెడ పెట్టినాడా?"

ఖాదర్ బిళ్ళలు లెక్కపెడుతూనే జవాబిచ్చాడు.

"లేదు సాబ్. ఎట్లుండాదని ఎద్దును గూడా ఎవరూ అడిగినట్ల లేదు."

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. మీకు వెంటనే అర్థమైతే మీరు నాకంటే తెలివైనవాళ్ళు. అదేమంత కష్టం కాదు లెండి.

నా తీర్పులు ఎలా ఉండేవో రెండు చెప్తాను. ఒక కార్ల పందెం ఆటలో వీరుడు ఎదుటివాళ్ళ బండ్లను గుద్ది కనీసం ఆగి క్షమాపణ చెప్పడం లేదని నాలుగు మార్కులు కోశాను. చదరంగం ఆటకు తొమ్మిది ఇచ్చాను. ఆ కార్ల ముందు నిలబడటానికి చోటుండేది కాదు. ఆ చదరంగం మీద ఖాదర్ తన టీ గ్లాసు పెట్టుకునేవాడు. నేను రాసింది ఎవరో కత్తిరించి గోడకు అంటిస్తే, దాని కింద ఆడేవాళ్ళు సుద్దముక్కతో తమ మార్కులు వేసేవాళ్ళు. నేను రెండంటే వాళ్ళు తొమ్మిది, నేను తొమ్మిదంటే వాళ్ళు సున్న. ఒకడు నాకే మార్కులు వేశాడు. ఎన్నో చెప్పను.

నేను చలించలేదు. గుంపుగా పోవడం గొర్రెల లక్షణం, నిటారుగా కూర్చోవడం మా లక్షణం అనుకున్నాను.

అలాంటి సమయంలో బెంగుళూరు నుంచి ఖాదర్ కొత్త మిషను తెప్పించాడు. తెరమీద మీసాలవాడొకడు కత్తి పట్టుకుని పోతుంటాడు. పేరేదో ఇంగ్లీషులో ఉండేది గానీ, కొట్లో అందరూ కత్తి మిషను అనేవాళ్ళు. నేను చూడటానికి వెళ్ళింది శుక్రవారం మధ్యాహ్నం. ఖాదర్ షట్టరు సగం దించి నమాజుకు పోయాడు. లోపల ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పంచె, భుజాన సంచి. ఒక చేత్తో మిషను కర్ర పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ, రెండో చేత్తో శెనక్కాయలు ఒలుచుకుని తింటున్నాడు. మిషను అద్దం కింది అంచున ఖాదర్ ఒక కాగితం అంటించి ఉన్నాడు: 'శెనక్కాయలు తిన్న చేతులతో బటన్లు ముట్టరాదు.' ఆ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి. నా పతనంలో దానికీ వాటా ఉంది.

నేను కూర్చుని చూశాను. తెరమీద కత్తివీరుడు ముగ్గురు దొంగల్ని నరికాడు, మెట్లెక్కాడు, పెద్ద గుంత దగ్గరికి వచ్చాడు, దాంట్లో పడి చచ్చాడు. మళ్ళీ మొదలు. ముగ్గురు దొంగలు, మెట్లు, గుంత. మళ్ళీ. మళ్ళీ. ఆ మనిషి ముఖంలో బాధ లేదు, సిగ్గు లేదు. నరుకుతున్నప్పుడూ శెనక్కాయలే, చస్తున్నప్పుడూ శెనక్కాయలే. ఇరవయ్యోసారి నాకు ఓర్పు నశించింది.

"కొంచెం ముందుకొచ్చి దూకప్పా!"

అతను వెనక్కి తిరిగి నన్నూ, నా కుర్చీనీ, పులినీ వరసగా చూశాడు.

"ఖాదరన్న రానీ, దూకుతా."

ఒక గుంత దూకడానికి కూడా పక్కవాడి సాయం కావాల్సిన అసమర్థుడని నాకు అర్థమైంది. ఖాదర్ వచ్చేదాకా ఆగలేదు. రిక్షా ఎక్కి, ఆ వేడిలోనే ఇంటికి పోయి రాశాను:

"కత్తివీరుడు. పదికి ఒకటి. మూడు నిమిషాల ఆట. వీరుడు ప్రతిసారీ ఒకే గుంతలో పడి చస్తాడు, ముందుకు దారే లేదు. నేను చూసినప్పుడు ఆడిన మనిషి పంచెకట్టు పెద్దమనిషే గానీ చేతులు రోకళ్ళు. అయితే ఎంత పనిమంతుడైనా ఈ గుంత దాటలేడని నా తీర్పు. ఇది తప్పని తేలితే, మా జేజినాయన కూర్చున్న కుర్చీని ఖాదర్ కొట్లోనే వదిలేస్తాను."

చివరి వాక్యం ఎందుకు రాశానంటారా? లయ కుదిరింది. అంతకంటే కారణం లేదు. ఆస్తులు పోగొట్టుకోవడంలో మాకు తరాల అనుభవం ఉంది, కారణాలు పెద్దగా అక్కర్లేదు.

పత్రిక వచ్చిన మర్నాడు పొద్దున్నే ఖాదర్ మా ఇంటికి వచ్చాడు.

"ఏం సాబ్ ఇట్ల రాసినారు? ఓబులేసు మండిపోతాండాడు."

"ఎవరా ఓబులేసు?"

"ఆ పొద్దు మీరు జూసిన మనిషే. ధర్మవరంలో పట్టు మగ్గం ఆయనది. వెంట్రుకంత జరీ పోగులు ఏరి పెట్టే చేతులు సాబ్ అవి. రోకళ్ళని రాస్తిరే! చీరలు ఇచ్చేదానికి వచ్చినప్పుడల్లా నా కాడ ఆడతాడు. ఆయనంత ఆడేవాడు ఈ జిల్లాలో లేడు. చిన్న సవరణ రాయండి, నేను సర్ది చెప్తా."

"తీర్పుకు సవరణ ఉండదు ఖాదర్."

"కుర్చీ పోతాది సాబ్."

"పోనీ. మాట పోకూడదు."

లోపలినుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"ఖాదరూ, వానికి చెప్పి లాభం లేదు నాయనా. వాళ్ళ నాయన బోరేసినట్ల రాస్తాడు వీడు. యాడ ఏసినా దుమ్మే!"

ఆదివారం ఉదయం పదిగంటలకు పంచాయితీ అని ఖాదర్ కబురు పెట్టాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీని రిక్షా ఎక్కించి, బయలుదేరాను. కొట్టు నిండిపోయి జనం రోడ్డు మీదికి వచ్చారు. హోటలువాడు ఉగ్గాని గిన్నె బయటికి తెచ్చి పెట్టాడు. ఎడిటరు గంగాధరం కూడా వచ్చాడు, నన్ను ఆదుకోవడానికి కాదు, వార్త కోసం.

ఓబులేసు మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నమస్తే రెడ్డన్నా. ఇవే రోకళ్ళు" అని రెండు చేతులూ చాచి చూపించాడు. జనం గొల్లుమన్నారు.

"నీ మీద నాకు కోపం లేదప్పా" అన్నాను ఉదారంగా. "ఆటలోనే లోపముంది. గుంత దాటగలిగితే దాటి చూపించు."

"నేను దాటితే, మొనగాడు గాబట్టి దాటినాడంటావు. నువ్వే ఆడన్నా."

"తీర్పరి ముట్టకూడదు."

"ఎద్దును గదా ముట్టగూడదనింది? ఇది మిషను. పొడస్తాదని బయమా?"

జనం మళ్ళీ నవ్వారు. నా మెడ ఇంకో అంగుళం నిటారైంది. మావాళ్ళలో భయమనే మాట ఎవరి నోటా రాలేదు, మా నాయన వేసిన ఆఖరి బోరు దుమ్మెత్తి పోసినప్పుడు కూడా.

"ఆడతా! కానీ కుర్చీలోంచి లేవను. మిషను దగ్గరికి నన్నే జరపండి."

నలుగురు కలిసి కుర్చీతో సహా నన్ను పైకెత్తి, ఉత్సవ విగ్రహంలా ఊరేగించి, మిషను ముందు దించారు. నేను కర్ర పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి! తెరమీద కత్తివీరుడు అడుగు వేశాడు. నేను కర్రను కుడికి తోశాను, వాడు కుడికి పోయాడు. బటను మీద గుద్దాను, వాడు కత్తి ఎత్తి మొదటి దొంగను రెండు ముక్కలు చేశాడు.

"శభాష్ రెడ్డన్నా!" అని ఎవరో అరిచారు.

నిజం చెప్తున్నాను, ఇంత విద్య నాలో ఉందని నాకే తెలియదు. రెండో దొంగ. మూడో దొంగ. నేను ఎటు తోసినా వీరుడికి ఎటు పోవాలో తెలిసిపోతున్నట్టుంది. ఇది రక్తంలో ఉండాలి అనుకున్నాను. గర్వం పట్టలేక, కర్ర వదిలేసి మీసం దువ్వుకున్నాను. వీరుడు ఆగకుండా టకటకా మెట్లెక్కాడు.

"రెడ్డన్నా, చెయ్యి తీసినా ఆడుతాండాడే!" అన్నాడొక లారీ డ్రైవరు.

నేను వెనక్కి చూడకుండానే జవాబిచ్చాను:

"మంచి చేతిలో నడిచిన ఎద్దు, పలుపు వదిలినా దారి తప్పదప్పా."

ఆ వాక్యం ఎంత బాగా వచ్చిందో! ఇప్పటికీ మా ఊళ్ళో వాడతారు, నేను ఉద్దేశించిన అర్థంలో కాదు గానీ.

మెట్లయిపోయాయి. గుంత వచ్చింది. నేను కుర్చీ చేతుల మీద బలమంతా పెట్టి కర్రను ముందుకు తోశాను. బటన్ల మీద శెనక్కాయలు దంచినట్టు దంచాను. వీరుడు వెళ్ళాడు, వెళ్ళాడు, సరిగ్గా అక్కడే, అదే గుంతలో, అదే కేక వేసి పడిపోయాడు.

నేను చెయ్యెత్తాను.

"చూసినారా! దారి లేదు! ఇంత బాగా ఆడినా లేదు! తీర్పు తీర్పే!"

కొట్టంతా నిశ్శబ్దం. గెలిచాననుకున్నాను. ఆ నిశ్శబ్దం నలభై మంది నవ్వు బిగబట్టిన నిశ్శబ్దమని ఎవరైనా చెప్తే కదా.

ఓబులేసు నెమ్మదిగా వంగి అద్దం అంచున ఉన్న శెనక్కాయల కాగితాన్ని గోటితో ఒలిచాడు. దాని కింద ఇంగ్లీషు అక్షరాలు మిణుకుమిణుకుమంటున్నాయి.

"నీకు ఇంగ్లీషు వస్తాది గదన్నా. అదేందో సదివి చెప్పు, మాకందరికీ."

చదివాను. ఇంకోసారి చదివాను. మూడోసారి లోలోపల చదివాను, అర్థం మారుతుందేమోనని.

"గట్టిగా, సాబ్" అన్నాడు ఖాదర్, పాపం ఎంతో మర్యాదగా.

"బిళ్ళ... వేయండి" అన్నాను.

"నువ్వింకా బిళ్ళే ఎయ్యలేదు రెడ్డన్నా!" అన్నాడు ఓబులేసు. "ఎవరూ ఆడనప్పుడు మిషను దానికదే ఆడుకుంటాది, గిరాకీని పిలిచేదానికి. ఆ పొద్దు నేనూ ఆడనే లేదు. ఖాదరన్న నమాజుకు పోయినాడు, బిళ్ళ ఇచ్చేవాళ్ళు లేరు, ఊరికే కర్ర పట్టుకోని నిలబడింటి. నువ్వేమో మిషను చేసిన పనికి నా చేతులు రోకళ్ళని పేపర్లో ఏస్తివి!"

ఆ తర్వాత వచ్చిన నవ్వును వర్ణించను. ఉగ్గాని తింటున్న ఒకాయనకు పొలమారి వీపు చరచాల్సి వచ్చిందని మాత్రం చెప్తాను. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత. ఆడకుండానే, మద్దెల వాయించే మనిషి దాకా అందర్నీ తిట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఓబులేసు జేబులోంచి బిళ్ళ తీసి చీలికలో వేశాడు. ఠంగుమంది. తెర రంగు మారింది. కత్తివీరుడు దొంగల్ని నరికి, మెట్లెక్కి, గుంతకు రెండడుగుల ముందు గాల్లోకి లేచి అవతల దిగాడు. అవతల! అక్కడ కోట ఉంది, నది ఉంది, గుర్రాలు ఉన్నాయి. ఓబులేసు వేళ్ళు మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలా తిరుగుతున్నాయి.

నేను లేచాను. తీర్పు అయిపోయింది కదా.

"అన్నా, తమాషాకు జేస్తిమి" అన్నాడు ఓబులేసు, మిషను మీంచి చూపు తీయకుండానే. "కుర్చీ తీస్కపో."

"పెద్దోళ్ళ కుర్చీ సాబ్, మాకొద్దు" అన్నాడు ఖాదర్.

"పేపర్లో రాసినాను" అన్నాను. "అచ్చయింది."

ఖాళీ రిక్షాలో ఇంటికి పోవడం అదే మొదటిసారి. సీటు మధ్యలో కూర్చున్నాను. కూర్చోవడానికి అంత చోటు ఉంటుందని అప్పటిదాకా తెలియదు. అయినా అంచుకే జరిగాను. మా అమ్మ వాకిట్లో నిలబడి చూసి, లోపలికి పోయి అన్నం పెట్టింది. మజ్జిగ పోస్తూ, "మీ జేజినాయన గూడా ఎద్దు పొడిచినప్పుడు లెయ్యాల్సింది, లెయ్యల్యా. ఆయనకు రెండు పక్కటెముకలు ఇరిగినాయి. అది ఎవరూ చెప్పరు" అంది.

రెండు వారాలు ఆగి కొట్టుకు వెళ్ళాను. కుర్చీ కత్తి మిషను ముందే ఉంది. పులి పక్కన సుద్దముక్కతో ఖాదర్ రాసిన అక్షరాలు: 'బిళ్ళ ఉన్నవారే కూర్చోవలెను.' దాంట్లో ఒక లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. జేజినాయన తర్వాత ఆ కుర్చీలో అంత దర్జాగా కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు. అతని వంతు అయ్యేదాకా నిలబడ్డాను. ఖాదర్ ముందు చెయ్యి చాచాను.

"ఒక బిళ్ళ."

ఖాదర్ బిళ్ళను చొక్కాకు తుడిచి మరీ ఇచ్చాడు.

మా కుర్చీలో మేము కూర్చోవడానికి బిళ్ళ వేయాల్సి వచ్చింది. వేశాను. గుంతలో పడ్డాను. కొన్ని నెలల పాటు పడుతూనే ఉన్నాను. ధర్మవరం నుంచి వచ్చినప్పుడల్లా ఓబులేసు వెనక నిలబడి చెప్పేవాడు: "గుంతను సూడొద్దన్నా. అవతలి గట్టు సూడు." ఒకరోజు అవతలి గట్టు చూశాను, దాటాను. కొట్లో వాళ్ళు వేసిన కేకకు హోటలువాడు పరిగెత్తుకొచ్చాడు. తర్వాత కోట, నది, గుర్రాలు. చివర ఒక రాక్షసుడు. వాణ్ణీ నరికాను. ఆట మొత్తం ఆడేశాను, పూర్తిగా, నా రెండు చేతులతో.

ఆ వారమే పత్రికలో రెండో తీర్పు రాశాను. ఓబులేసు పత్రిక చేత్తో పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"పదికి రెండా? ఇంత ఆడి, ఒక్క మార్కేనా పెంచేది?"

"ఆ ఒక్కటీ గుంతకు. మిగతా ఆట బాగలేదు."

"కోట బాగలేదా?"

"కోటలో పని లేదు. ఊరికే తిప్పుతాడు."

"గుర్రాలు?"

"గాడిదల మాదిరి పోతాండాయి."

"రాక్షసుడు?"

"మొదటి దొంగనే పెద్దగా చేసి పెట్టినారు. మీసం గూడా మార్చలేదు. నువ్వే చూడు పోయి."

ఓబులేసు చూశాడు. చాలాసేపు చూశాడు. మీసం అదే.

"బిళ్ళ ఏసి చెప్తాండావు, నోరు మూయించలేను" అన్నాడు చివరికి. "కానీ తప్పు చెప్తాండావన్నా. తొమ్మిది!"

"రెండు!"

"తొమ్మిది!"

ఖాదర్ షట్టరు దించుతూ ఇద్దర్నీ బయటికి తోశాడు. బస్టాండు దాకా అరుచుకుంటూనే పోయాం. నేను అంతవరకు ఎవరితోనూ అంత సంతోషంగా పోట్లాడలేదు. అది వేరే సంగతి, దానికి మార్కులు లేవు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది సగం ఇత్తడి బిళ్ళతో పోయింది. మిగతా సగం పోదు, పోనివ్వను. కాబట్టి చెవి తెగిన పులి సాక్షిగా, విరిగిన రెండు పక్కటెముకల సాక్షిగా, శెనక్కాయల కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక బిళ్ళ వేయకుండా తీర్పు చెప్పను.

బిళ్ళ వేశాక మాత్రం, నలభై మంది కాదు, జిల్లా అంతా దండెత్తి వచ్చినా, ఒక్క మార్కు పెంచను.